ఎవరి కింద ఎవరు

తార్నాక,
6 జూలై 2025, ఆదివారం

అక్కా,

ఇగో, నువ్వు అడిగినట్టే కాగితం మీద రాస్తున్న. ఫోన్‌ల అయితే ఇద్దరం ఒక్కసారే మాట్లాడి, ఆఖరికి ఒకరి మీద ఒకరం అలిగి పెట్టేస్తం. మీ క్వార్టర్ల సిగ్నల్ సుత సక్కగ రాదాయె. పైగా నీ ఏడో తరగతి పిల్లలకు లేఖారచన పాఠం చెప్పేటందుకు నిజం ఉత్తరం కావాలంటివి. చూపియ్ గని, నా తప్పులను ఎర్ర పెన్నుతోని దిద్ది చూపియ్యకు. నీకు దండం పెడత.

నేను బాగున్న. రూమ్ నుంచి ఆఫీసుకు నడిచే పోతున్న. యూనివర్సిటీ క్యాంపస్ లోపల పాత బిల్డింగ్‌ల కింది అంతస్తు మాది. పొద్దుగాల పోతుంటే ఒకదిక్కు వాకింగ్ చేసేటోళ్లు, ఇంకోదిక్కు చెట్ల కింద గ్రూప్స్ పుస్తకాలు పట్టుకొని కూసున్నోళ్లు. నెమళ్లు సుత తిరుగుతయ్ అక్కా. మొన్న ఒకటి మా కిటికీల దూరి మానిటర్‌ల తన మొఖం తానే చూసుకున్నది.

అసలు ముచ్చట చెప్త. నన్ను టీం లీడ్ చేసిండ్రు! మా టీం హాస్టళ్ల సాఫ్ట్‌వేర్ చూస్తదని తెలుసు గదా. ఏ పని ఎవరు చేయాలె, ఎంతదాక వచ్చింది, అన్నీ ఒక టూల్‌ల రాసుకుంటం. ఇన్నేండ్ల నుంచి ఎవరికి తోచినట్టు వాళ్లు రాసి పడేసిండ్రు. ఇప్పుడు దాన్నంత ఒక వరసల పెట్టుడు నా మొదటి పని.

నీకు అర్థమయ్యేటట్టు చెప్తా. ఒక పెద్ద పని ఉంటది, 'రూముల కేటాయింపు' అనుకో. దాని కింద అప్లికేషన్, రూముల లిస్టు, ఫీజు రసీదు. వాటి కింద ఇంకా చిన్నచిన్నయి. పైదాన్ని పేరెంట్ అంటరు, కిందిదాన్ని చైల్డ్ అంటరు. మంచిగ ఒక వంశం లెక్క ఉంటది. కానీ మా దాంట్ల తల్లి లేని పిల్లలు రెండొందలకు పైన ఉన్నయ్! ఏ పనికీ తగిలించకుండ గాలికి వదిలేసిండ్రు. మా మేనేజర్ ఏమన్నడంటే, "తల్లి దొరికిన వాటిని తల్లి కింద పెట్టు, ఎవరికీ అక్కర లేనివి మూసెయ్" అన్నడు. రోజంతా ఇదే పని. అనాథాశ్రమం నడుపుతున్నట్టే ఉన్నది నాకు.

బావకు, పోచమ్మ అత్తమ్మకు నా నమస్తే చెప్పు.

నీ చెల్లె,
వనజ

*

జన్నారం,
15 జూలై 2025

నా చెల్లె వనజకు అక్క ప్రేమతోని రాసేది,

నీ ఉత్తరం పిల్లలకు చదివి వినిపించిన, సగం వరకే. నెమలి ముచ్చట రెండుసార్లు చదివించుకున్నరు. "టీచర్, ఆ నెమలికి తన మొఖం నచ్చిందా లేదా, మీ చెల్లె రాయలేదు" అన్నరు. జవాబు రాయి, లేకుంటే నన్ను వదలరు.

టీం లీడ్ అయినందుకు మస్తు సంతోషమైంది. బావ స్కూల్ నుంచి వచ్చేటప్పుడు మిఠాయి తెచ్చి మా గురుకులం స్టాఫ్‌కు పంచిండు. "మా మరదలు ఆఫీసర్ అయింది" అని చెప్పుకుంట తిరుగుతున్నడు.

ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. రెండో సగం నేను పిల్లలకు చదవలేదు. తల్లి లేని పిల్లలని, అక్కర లేనివి మూసెయ్యాలని నవ్వుకుంట రాసినవు. చదివినాంక నాకు అన్నం సయించలేదు. అమ్మ నీకేమన్న చెప్పిందా? చెప్పితే నన్ను నేరుగ అడుగు. గిట్ల చాటుగ ఆఫీసు పేరు మీద రాయుడు మనకు అలవాటు లేదు గదా.

వానలు మొదలైనయి. గొడుగు పట్టుకొని పో.

అక్క,
భాగ్య

*

తార్నాక,
24 జూలై 2025

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. నాకేం సమజ్ కాలేదు. అమ్మ నాకేం చెప్పలేదు. ఏం చెప్పాలె? నేను రాసింది నిజంగ ఆఫీసు ముచ్చటే. అవి పనులు అక్కా, మనుషులు కారు. నువ్వు తెలుగు టీచరువు గాబట్టి మాటకు మాట పట్టుకుంటవ్. నేను సాఫ్ట్‌వేర్‌దాన్ని, నోటికొచ్చింది రాస్త.

నువ్వు పరేషాన్ కావద్దని ఇంకా వివరంగ చెప్తున్న. అక్కడ తల్లిని మార్చుడు పెద్ద పనేం కాదు. ఒక్క క్లిక్. ఈ పిల్లను ఆ తల్లి కింద పెట్టి చూస్తం. కుదరకపోతే తీసి మళ్లీ పాత జాగల పడేస్తం. ఎవరికీ ఏ బాధా ఉండదు. నీ మనసు కుదుటపడ్డదా?

బాధపడ్డ మనిషి మాత్రం ఒకరున్నరు. శశిభూషణ్ గారని మా టీంల పెద్దాయన. ఊరు కాకినాడ దిక్కు, మల్కాజ్‌గిరిల ఇల్లు కట్టుకున్నరు. హాస్టళ్ల సాఫ్ట్‌వేర్ మొదటి అక్షరం నుంచి ఆయన రాసిందే. నేను ఉద్యోగంల చేరినప్పుడు అన్నీ ఆయనే నేర్పిండ్రు. రోజూ ఇద్దరం ఒక్కదగ్గరే తినేది. ఆయన డబ్బాల గోంగూర, నా డబ్బాల సర్వపిండి. ఇప్పుడు నేను కొత్తగ గీసిన వరసల, అన్నిటికంటే పైన నా పేరు మీద ఒక పెద్ద పని, దాని కింద ఇంకోటి, దాని కింద ఆయన పనులన్నీ వచ్చినయ్. లెక్క ప్రకారం సరిగ్గనే ఉన్నది. అది చూసినప్పటి నుంచి ఆయన డబ్బా తీసుకొని బయట చింతచెట్టు కిందికి పోతున్నరు. నేను పలకరిస్తే "ఆ, చెప్పండి మేడం" అంటున్నరు. నిన్నటిదాక "అమ్మాయ్" అనేటాయన. నేను చేసిన తప్పేందో నువ్వన్న చెప్పు.

నెమలికి తన మొఖం నచ్చలేదు. ముక్కుతోని పొడిచింది. స్క్రీన్ మీద గీత పడ్డది.

నీ వనజ

*

జన్నారం,
3 ఆగస్టు 2025

వనజా,

నీ ఆఫీసు సంగతులు ఇగ నాకు రాయకు. కుదరకపోతే తీసి పాత జాగల పడేస్తం అని రాసినవే, ఆ వాక్యం నేను మర్చిపోలేకపోతున్న. నీకు తెలిసి రాసినవో, తెలియక రాసినవో దేవునికే ఎరుక.

శశిభూషణ్ గారి గురించి అడిగినవు గాబట్టి చెప్తున్న. ఆయన పనిని కింద పెట్టేముందు ఆయనను అడిగినవా? నువ్వు వరస గీసినవు, ఆయన చూసుకున్నడు. నడుమ మాట ఏది?

ఆరోగ్యం జాగ్రత్త.

భాగ్య

*

తార్నాక,
14 ఆగస్టు 2025

అక్కా, నా బంగారు అక్కా,

ఇప్పుడు అర్థమైంది! నేనెంత మొద్దుదాన్ని! అమ్మకు ఫోన్ చేసి గట్టిగ అడిగిన. "అక్క ఎందుకు అలిగింది, నాకు చెప్పాల్సిందే" అన్న. అమ్మ శానసేపు నసిగి, "మీ అక్క ఇంట్ల చిన్నకాళ్లు తిరుగుతయి లే, ఇప్పుడే ఏం అడగకు, అదే చెప్తది" అన్నది. నేను ఫోన్ పెట్టేసి రూమ్‌ల ఎగిరి దుంకిన. కింద ఇంటామె పైకొచ్చి ఏమైందని అడిగింది.

ఇన్నేండ్లకు, అక్కా! అందుకే నీకు అన్నం సయించలేదు. అందుకే చిన్న మాటకు సుత కండ్లల్ల నీళ్లు. నేనేమో పిల్లలు, తల్లి, మూసెయ్యి అనుకుంట పిచ్చి రాతలు రాస్తి. క్షమించు.

ఒక పార్సిల్ పంపుతున్న. సీతాఫల్‌మండిల ఒక దుకాణంల తీసుకున్న. చిన్న జుబ్బలు, ఉన్ని టోపీ, కాళ్లకు సాక్సులు. కుంకుమపువ్వు డబ్బి నీకు, రోజూ పాలల్ల వేసుకో. బావ బండి మీద ఎక్కకు, ఆ రోడ్డు గుంతలు నాకు తెలుసు. నిలబడి పాఠం చెప్పకు. కుర్చీ వేసుకో.

ఆఫీసు సంగతి రాయద్దన్నవు, కానీ ఇది చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. మూసేసిన పనులల్ల ఒకటి నిజంగ అవసరమైంది. 'చూపు లేని విద్యార్థులకు కింది అంతస్తు రూమే ఇయ్యాలె' అని ఎప్పుడో శశిభూషణ్ గారు రాసి పెట్టిండ్రు. దానికి పేరెంట్ లేదు. పైన పెట్టిన పొట్టి పేరు చూసి, లోపలి వివరం చదవకుండ మూసేసిన. మూసిందాన్ని ఇగ ఎవరు చేస్తరు? కొత్త కేటాయింపుల అది లేకుండ పోయింది. సారలమ్మ అని ఎం.ఏ. చదివే అమ్మాయికి మూడో అంతస్తుల రూమ్ వచ్చింది. స్నేహితురాలి చెయ్యి పట్టుకొని మా ఆఫీసుకు వచ్చింది. నేను సారీ చెప్పబోతే, "మెట్లు ఎక్కుతా మేడం, నాకు అలవాటే. కానీ మీరు జవాబు చూడనప్పుడు అప్లికేషన్‌ల చూపు ఉన్నదా లేదా అని ఎందుకు అడిగిండ్రు?" అన్నది. కోపంగ అనలేదు అక్కా. నిజంగ తెలుసుకుందామనే అడిగింది. 

ఈసారి మాత్రం నీ జవాబు తొందరగ రావాలె. నీకు ఏం తినాలనిపిస్తున్నది? రాయి, పంపుత.

కాబోయే చిన్నమ్మ,
వనజ

*

జన్నారం,
22 ఆగస్టు 2025

వనజా,

పార్సిల్ వచ్చింది. విప్పి ఆ చిన్న సాక్సులు చేతుల పట్టుకొని ముందు నవ్విన. తర్వాత ఏడ్చిన. బావ భయపడి మంచినీళ్లు తెచ్చిండు. నీ మీద ఉన్న కోపమంత ఆ ఏడుపుల్నే పోయింది. నీకేం తెలియదని అప్పుడు నమ్మకం కలిగింది. ముందే నమ్మాల్సింది.

నేను కడుపుతోని లేను చెల్లె. ఆ ఆశ ఇద్దరం కలిసి వదిలేసుకున్నం. మేము దత్తతకు దరఖాస్తు పెట్టి మూడో ఏడు నడుస్తున్నది. అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నీకెందుకు చెప్పలేదంటే, అది కాకపోతే నీ గొంతుల జాలి వినాల్సి వస్తదని. అది మాత్రం నావల్ల కాదు.

జూన్ నెలల పిలుపు వచ్చింది. పాప పేరు వైదేహి. ఏడేండ్లు ఉంటయి. బాలసదనంల ఉంటది, రెండో తరగతి. పోయి చూసొచ్చినం. సన్నగ, పొడుగ్గ, జుట్టు గట్టిగ రెండు జడలు. మాట్లాడదు, చూస్తది. ఇంతకుముందు ఒకసారి ఒక కుటుంబం తీసుకపోయిందట. కొన్ని నెలలకే, "మాకు కుదరలేదు" అని మళ్లీ తెచ్చి అప్పజెప్పిండ్రట. నువ్వు రాసిన వాక్యం నన్ను ఎందుకు అంత కోసిందో ఇప్పుడు తెలిసిందా?

ఇంట్ల అత్తమ్మ ఒప్పుకుంటలేదు. "ఎవరి బిడ్డనో తెచ్చి నా కొడుకు కింద పెడతవా?" అన్నది. అన్నప్పటి నుంచి నాతోని మాట్లాడుడు తక్కువ చేసింది. మంచి మనిషే, నీకు తెలుసు గదా. నాకు జ్వరమొస్తే రాత్రంత కూసుంటది. కానీ ఈ విషయంల పట్టు విడుస్తలేదు.

అత్తమ్మ కంటే నాకు నా భయమే ఎక్కువుంది. రోజూ అరవై మంది ఆడపిల్లలకు పాఠం చెప్త. అందరూ నా మాట వింటరు. ఈ ఒక్క పిల్ల నన్ను చూసిన చూపుకు మాత్రం నేనే తల దించుకున్న. "మీరు సుత పంపిస్తరు కదా" అన్నట్టు చూసింది. ఒకవేళ నాకు సాతగాకపోతే? బాలసదనం మేడం "మీరు సరేనంటే కాగితాలు ముందుకు కదుపుత" అన్నది. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట దాటేస్తున్న.

జుబ్బలు, టోపీ మా హాస్టల్ వంటామె మనుమడికి ఇచ్చిన. కుంకుమపువ్వు మాత్రం ఇయ్యలేదు. బావ పాయసంల వేసుకొని తాగిండు.

సారలమ్మ సంగతి ఏమైంది? ఆఫీసు ముచ్చట్లు రాయి. అన్నీ రాయి.

నీ అక్క,
భాగ్య

*

తార్నాక,
31 ఆగస్టు 2025, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం క్యాంపస్‌ల ఒక బెంచీ మీద కూసొని చదివిన. చుట్టుపక్కల చదువుకునే పిల్లలు నన్ను చూసి, దీనికి ఏదో పరీక్ష పోయిందనుకున్నట్టున్నరు. ఒకమ్మాయి వచ్చి, "మళ్లీ రాయొచ్చు అక్కా" అని ధైర్యం చెప్పిపోయింది.

క్షమించమని మళ్లీ మళ్లీ రాయను, నువ్వు తిడతవ్. జాలి సుత లేదు. నాకున్నది కోపమే, మూడేండ్లు ఒక్కదానివే మోసినందుకు. వచ్చినప్పుడు కొట్లాడుత.

శశిభూషణ్ గారి దగ్గరికి పోయిన. 'నడుమ మాట ఏది' అని నువ్వు అప్పుడు అడిగిన ప్రశ్న ఇన్నిరోజులు నా మెదడుల తిరిగింది. చింతచెట్టు కింద ఆయన డబ్బా విప్పుతుంటే పక్కన కూసున్న. "సార్, మిమ్మల్ని అడగకుండ మీ పనిని నా కింద పెట్టిన, తప్పైంది" అన్న. ఆయన ముందు అన్నం కలుపుకున్నరు. తర్వాత, "కింద ఉండటం నాకేం బాధ కాదమ్మాయ్. ఇంకో రెండేళ్లలో రిటైరైపోతాను, పైన ఉండి ఏం చేస్తాను? ఎక్కడ పెట్టమంటారు అని ఒక్క మాట అడిగుంటే ఎంతో సంతోషించేవాణ్ణి. పొద్దున్న వచ్చి చూసేసరికి నా పన్నెండేళ్ల పనీ వేరే వాళ్ల ఇంట్లో సామానులా కనిపించింది" అన్నరు.

 సారలమ్మ సంగతి చెప్పిన. ఆయన డబ్బా మూసేసి లేచి, "పద, ముందు ఆ పిల్ల గది చూద్దాం" అన్నరు. ఇద్దరం హాస్టల్‌కు పోయినం. వార్డెన్ మేడంతోని మాట్లాడి, కింది అంతస్తుల అమ్మాయిలను అడిగితే, ఇద్దరు "మేము పైకి పోతం, మాకు గాలి కావాలె" అని తామే లేచిండ్రు. సాయంత్రానికి సారలమ్మ సామాను కిందికి వచ్చింది. ఆమె ప్రశ్నకు సుత జవాబు చెప్పిన. "నేను చదవకుండ మూసేసిన" అన్న. "చెప్పిండ్రు, మంచిది" అన్నది. 

ఇప్పుడు నేనూ శశిభూషణ్ గారూ కలిసి మూసేసినవన్నీ మళ్లీ తెరుస్తున్నం. ఒక్కోటి ఎవరు రాసిండ్రో వాళ్లకు ఫోన్ చేసి, "ఇది ఎందుకు రాసినవు, ఎక్కడ ఉండాలె?" అని అడుగుతున్నం. మా మేనేజర్, "ఇట్లయితే దసరా దాటుతది" అని గులుగుతున్నడు. దాటనీ.

అక్కా, ఒకటి అడుగుత. వైదేహి గురించి బాలసదనం మేడంను అడిగినవు, బావను అడిగినవు, అత్తమ్మను అడిగినవు, నిన్ను నువ్వే వందసార్లు అడుగుకున్నవు. వైదేహిని అడిగినవా? మా ఇంటికి వస్తవా అని?

నీకు సాతగాకపోవుడు ఏంది? నాకు అక్షరాలు దిద్దించింది ఎవరు? నేను బడికి పోనని గడప పట్టుకొని ఏడిస్తే, నాతోపాటు కూసొని నువ్వు సుత ఏడ్చినవంట, అమ్మ చెప్తది. ఆ పిల్లకు గట్ల కూసునే మనిషి కావాలె, అంతే.

చిన్నమ్మను అయ్యేది నిజమే గదా,
వనజ

*

జన్నారం,
5 అక్టోబరు 2025

నా వనజకు,

నీకు జవాబు రాయడం ఆలస్యమైంది. చేతులు ఖాళీగ లేవు. ఇంట్ల పిల్ల ఉన్నది.

నీ ఉత్తరం అందిన వారమే బాలసదనానికి పోయిన. వైదేహి పక్కన కింద కూసొని అడిగిన, "మా ఇంటికి వస్తవా? నీకు ఇష్టముంటేనే" అని. శానసేపు గోరుతోని నేల గీకింది. తర్వాత, "అక్కడ నా చెప్పులు లోపల పెట్టుకోవచ్చా?" అన్నది. ఎందుకని అడిగితే, "ఆ ఇంట్ల బయట గేటు దగ్గర పెట్టమన్నరు. నన్ను పంపేటప్పుడు అందరికంటే ముందు నావే దొరికినయ్" అన్నది. బావ మొఖం పక్కకు తిప్పుకున్నడు. "నీ మంచం కింద పెట్టుకో" అన్న. "అయితే వస్త" అన్నది.

కలెక్టర్ గారి ఉత్తర్వు ఇంకా రావాలె. అప్పటిదాక పెంపకానికి మా దగ్గర ఉంచిండ్రు. మొదట్ల రాత్రిపూట లేచి కూసునేది. నేనూ లేచి కూసుండేదాన్ని.  ఇప్పుడిప్పుడే పొద్దెక్కేదాక నిద్రపోతున్నది. ఎండుచేపల కూరంటే ప్రాణం. లెక్కలంటే నీలెక్కనే, దూరం ఉరుకుతది. స్కూల్ల పిల్లలందరూ నన్ను పిలిచినట్టే తను సుత "టీచర్" అంటది. అననీ అనుకున్న.

అత్తమ్మ సంగతి చెప్త విను. దసరా నాడు జమ్మి ఆకు తెచ్చుకున్నం. అందరి చేతుల పెట్టి కాళ్లకు మొక్కుతరని వైదేహికి బావ చెప్పిండు. ఆకు పట్టుకొని వాకిట్ల నిలబడ్డది. అప్పుడే పక్క క్వార్టర్ లింగమ్మ వచ్చింది. "ఎవరి పిల్లవే నువ్వు?" అని అడిగింది.  పిల్ల నా దిక్కు చూడలేదు, బావ దిక్కు చూడలేదు. మూల కుర్చీల కూసున్న అత్తమ్మ దగ్గరికి ఉరికి, ఆమె చేతుల ఆకు పెట్టి, "ఈమె మనుమరాలిని" అన్నది. అత్తమ్మ ఆకు దిక్కు చూసింది, పిల్ల దిక్కు చూసింది. లింగమ్మతోని కొట్లాటకు వచ్చినట్టు, "అవ్, నా మనుమరాలే. మొఖం చూస్తే తెలుస్తలేదా నీకు?" అన్నది. ఆ రాత్రి నుంచి పిల్ల అత్తమ్మ పక్కల్నే పండుకుంటున్నది. రోజూ జడలు అత్తమ్మే వేస్తున్నది. నేను వేస్తే వంకర పోతయట.

దీపావళికి నువ్వు రావాలె. శశిభూషణ్ గారికి నా నమస్కారం చెప్పు. ఆయన కాకినాడ గోంగూర పంపిస్తే కాదనను. సారలమ్మ

చిన్నమ్మా నేను వైదేహి. మా అమ్మ నీకు ఉత్తరం రాస్తుంది. నీళ్లు తేవడానికి లోపలికి పోయింది. నువ్వు ఎప్పుడు వస్తవు. నెమలి ఈక తే.

వనజా, పైన రాసింది చూసినవా? నేను వచ్చేసరికి పెన్ను మూత పెట్టి, ఏమెరగనట్టు కిటికీ బయటికి చూస్తున్నది. ఆ మాట ఇప్పటిదాక నోటితోని అనలేదు. ఇక్కడ రాసింది. నేను చదవనట్టే కాగితం మడుస్తున్న.

భాగ్య